కావచ్చు అన్న రిపోర్టు

ఉదయం ఎనిమిదింపావుకి బీమా కంపెనీ రెండో స్కాన్‌కి కూడా అనుమతి నిరాకరించింది.

సందేశం కొడుకు ఫోనుకి వచ్చింది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఒక బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత పైకి చదివాడు.

"'ఎడమ కాలి వాపు, నొప్పి అన్న కారణాలకు ఈ పరీక్ష అవసరమని రుజువు కాలేదు. మొదటి పరీక్షపై నిర్ణయం మారేవరకు రెండోదాన్ని పరిశీలించడం సాధ్యం కాదు.'"

ముందుగదిలో ఇంకా ఇద్దరున్నారు. అతని భార్య ఆఫీసు బ్యాగు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. అతని అక్క కిటికీ పక్కన, తల్లి కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూర్చుంది. మిషను సూది కింద సగం కుట్టిన చొక్కా చెయ్యి ఉంది. కుడుతున్న మనిషిని నిన్న రాత్రి జ్వరంతో ఆస్పత్రిలో చేర్చారు. రెండో స్కాన్ అక్కడి సర్జనే అడిగాడు.

"వాపూ, నొప్పీనట," అంది ఆడపడుచు. "అమ్మ కాలు చూస్తే వీధి చివర మందుల షాపువాడు కూడా లోపల చీము పట్టిందని చెబుతాడు. దోమ కుట్టిందని రాయలేకపోయావా మరదలా? పీడా వదిలిపోయేది."

కోడలు బ్యాగు జిప్పు లాగి మూసింది.

"నిన్నే."

"వింటున్నా వదినా."

"వినడానికేం, గోడలు కూడా వింటున్నాయి."

కోడలు ఆస్పత్రి బిల్లులు చూసే కంపెనీలో పనిచేస్తుంది. స్కాన్ రిపోర్టు చదివి, అందులో ఉన్న జబ్బుకి కోడ్ వేయడం ఆమె పని. బీమా కంపెనీ ఆ కోడ్ చూసి డబ్బు ఇవ్వాలో వద్దో తేలుస్తుంది. ఆమెకి వచ్చే ఫైల్లో పేషెంటు పేరు ఉండదు. నంబరు, వయసు, ఆడా మగా అన్నది ఉంటాయి. అత్తగారి మొదటి స్కాన్ ఫైలు ఆమె వంతుకే వచ్చింది. వాపు, నొప్పి అన్న కోడ్లు వేసింది ఆమే. నిరాకరణ ఇంటికి వచ్చాక ఫైలు నంబరు చూసి గుర్తుపట్టింది. ఆదివారం అన్నాల దగ్గర ఆ మాట తనే చెప్పింది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

మెకానిక్ రెండో బూటు కింద పెట్టాడు.

"కోడ్ మార్చు."

"మార్చడానికి లేదండీ."

"ఎందుకు లేదు? వేసింది నువ్వే కదా."

"సొంతవాళ్ల ఫైలు ముట్టుకోకూడదు."

"ఒకసారి ముట్టుకున్నావుగా."

"తెలియక."

"ఇప్పుడు తెలిసి ముట్టుకో. మా అమ్మ కోసం ఆమాత్రం చెయ్యలేవా?"

"మారిస్తే మాత్రం ఏముంటుంది?" కోడలు బ్యాగు పక్కన పెట్టింది. "బీమావాళ్లు కోడ్ పక్కన రిపోర్టు పెట్టుకుని చూస్తారు. రిపోర్టులో స్కాన్ డాక్టరు ఏం రాశారు? పిక్క కండరంలో ద్రవం చేరినట్టుంది, చీముగడ్డ కావచ్చు అని రాశారు. కావచ్చు అన్నదాన్ని మేం కోడ్ చెయ్యకూడదు. ఆస్పత్రిలో చేరకుండా బయటినుంచి వచ్చి తీయించుకున్న స్కాన్‌కి ఖాయంగా ఉన్నదే వెయ్యాలి. ఆ కాగితంలో ఖాయంగా ఉన్నవి వాపు, నొప్పి. అంతే."

"ఎవడు పెట్టాడా రూలు?" అంది ఆడపడుచు.

"అనుమానాన్ని జబ్బని రాసేస్తే ఆ మనిషి పేరు మీద అది ఉండిపోతుంది వదినా. రేపు లేదని తేలినా పోదు."

"ఉందని తేలితే?"

కోడలు పక్కనున్న బ్యాగు మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"చెప్పు. ఉందని తేలేలోపు కాలు పోతే, దానికేం కోడ్ ఉంది మీ దగ్గర?"

దానికి కోడ్ ఉంది. కోడలు చెప్పలేదు.

"మీరు లిఫ్టు చూడకుండా బాగుందని సంతకం పెడతారా?" అని భర్తని అడిగింది.

"నేను తాడు అరిగిందో లేదో వేలుపెట్టి చూస్తా," అన్నాడు మెకానిక్. "చూసి, 'అరిగి ఉండవచ్చు' అని రాసేసి అన్నానికి ఇంటికి రాను."

"రాసింది నేను కాదు. డాక్టరు."

"మీరూ మీరూ ఒకటేలే."

ఆడపడుచు మిషను చక్రాన్ని వేలితో తిప్పింది. సూది ఒకసారి కిందకి దిగి పైకి లేచింది.

"మనమే డబ్బు కట్టి స్కాన్ తీయిస్తే?" అంది.

"రాత్రే అడిగానక్కా కౌంటర్లో. అలా కడితే బీమా దరఖాస్తు మొత్తం వెనక్కి తీసుకున్నట్టేనట. మంచం, మందులు, ఆపరేషను, అన్నీ ఆ దరఖాస్తు మీదే ఉన్నాయి. ఇల్లమ్మినా చాలదు. ఇల్లు మనది కూడా కాదు."

"ఒక దారి ఉంది," అంది కోడలు.

ఇద్దరూ ఆమెవైపు చూశారు.

"స్కాన్ డాక్టర్ని మా ఆఫీసు తరఫున రాతలో అడగొచ్చు. ఆయన బొమ్మలు మళ్లీ చూసి, చీముగడ్డేనని ఖాయంగా రాస్తే రిపోర్టు మారుతుంది. అది మారితే కోడ్ మారుతుంది. మొదటి స్కాన్ పాసైతే రెండోదానికి అడ్డుండదు. ఇవాళ పొద్దున్నే వెళ్లి మా మేడంతో చెప్పి అడిగిస్తా."

"చీమేనా కాదా అని ఒక్క ముక్క అడగడానికి ఇంత తతంగమా?"

"అలా అడక్కూడదు వదినా. చీము అన్న మాట మా నోటినుంచి రాకూడదు. మీరు చూసినదాన్ని ఇంకాస్త వివరంగా చెప్పగలరా అని మాత్రమే అడగాలి. జవాబు మేమే అందిస్తే డబ్బు కోసం రాయించుకున్నట్టవుతుంది. అప్పుడు ఆయన ఏం రాసినా చెల్లదు."

ఆడపడుచు నవ్వింది. ఆమె బ్యాంకు బాకీలు వసూలు చేసే కంపెనీలో ఫోన్లు చేస్తుంది. ఆ కంపెనీలో కట్టనని మొండికేసినవాళ్ల నంబర్లు ఆమెకే ఇస్తారు.

"బాకీ అన్న మాట ఎత్తకుండా బాకీ అడగమన్నట్టుంది. మా దగ్గర అలా చేస్తే సాయంత్రానికి సీటు లేపేస్తారు. ఏ డాక్టరు ఆయన?"

"మీరేం చెయ్యకండి వదినా. దండం పెడతా."

"నేనేం చేస్తాను? నాకేమన్నా కోడ్లొచ్చా? కోడరు కోడలివి నువ్వుండగా నాకెందుకు?"

మొదటి స్కాన్ రిపోర్టు నకలు మిషను సొరుగులో, దారపు ఉండల మీద ఉంది. కింద డాక్టరు పేరు, ఫోను, పైన ఫైలు నంబరు ఉన్నాయి. ఆడపడుచు దాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

"అది ఎందుకు?" అంది కోడలు.

"ఆస్పత్రికి వెళ్తున్నాగా. అమ్మ పక్కన కూర్చుని చదువుకుంటా."

కోడలు ఆఫీసుకి బయల్దేరింది. భర్త ఆమెని వెళ్లిరమ్మనలేదు. ఆమె వెళ్లొస్తానని చెప్పలేదు.

*

కోడింగ్ హాల్లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. తలుపు దగ్గర అరల్లో పెట్టి తాళం వేసుకోవాలి. కోడలు ఫోను అరలో పెట్టి నేరుగా స్కేలు మేడం టేబులు దగ్గరికి వెళ్లింది.

నాణ్యత చూసే ఆ అధికారి రిపోర్టు మీద స్టీలు స్కేలు పెట్టి, ఒక్కో వరుసే జరుపుకుంటూ చదువుతుంది. ఆ పేరు ఆమె లేనప్పుడు అంటారు. ఆమెకి తెలుసు.

కోడలి మాటలు విని మేడం స్కేలు కింద పెట్టింది.

"ఆ పేషెంటు మీ అత్తగారని ఎప్పుడు తెలిసింది?"

"కోడ్ సరిగ్గానే వేశాను మేడం."

"కోడ్ గురించి అడగలేదు."

"ఆదివారం."

"ఇవాళ గురువారం. ఇన్నాళ్లూ నోరు ఎక్కడ పెట్టావు?"

"ఇంట్లో వాడాను మేడం."

స్కేలు మేడం నవ్వలేదు. ఫైలు తెరిపించి రిపోర్టు ప్రింటు తీయించింది. స్కేలు పై వరుస నుంచి కింది వరుసదాకా నడిచింది.

"కోడ్ సరే."

"థాంక్యూ మేడం."

"మెచ్చుకోలేదు. ఆదివారం తెలిసినది సోమవారం నా టేబులు మీద ఉండాలి. ఉంటే ఈ ప్రశ్న సోమవారమే డాక్టరుకి వెళ్లేది. ఇవాళకి జవాబు కూడా వచ్చేది. నువ్వు సరిగ్గా వేసిన కోడ్ నీ దగ్గరే దాచుకున్నావు. ఎందుకు?"

"సొంత ఫైలని తెలిస్తే నా ఫైళ్లన్నీ ఆడిటింగులో పెడతారని."

"పెడతాను."

కోడలు టేబులు అంచు పట్టుకుని నిలబడింది. ఈ లెక్క ఆమె ఇంట్లో చెప్పలేదు. ఇంట్లో ఎవరికీ తెలియదు కాబట్టి అడగలేదు.

స్కేలు మేడం ఫైలుని ఎదురు సీటతని పేరు మీదకి మార్చింది. ప్రశ్న తనే టైపు చేసింది. నివేదికలో పేర్కొన్న ద్రవం స్వభావం గురించి, బొమ్మల ఆధారంగా మీ అభిప్రాయాన్ని మరింత వివరించగలరా, వివరించడం సాధ్యం కాకపోతే ఆ మాటే తెలుపగలరు అని రాసింది.

"అత్యవసరం అని పెట్టండి మేడం."

"ఎవరికి అత్యవసరం?"

"పేషెంటుకి. నిన్న రాత్రి ఆస్పత్రిలో చేరింది."

"ఫైల్లో ఉందా ఆ సంగతి?"

"రెండో స్కాన్ దరఖాస్తులో ఉంది."

స్కేలు మేడం చూసింది. ఉంది. అత్యవసరం అని పెట్టి పంపింది.

"నీ సీటుకి వెళ్లు. వేరే ఫైళ్లు చెయ్యి. దీనివైపు చూడకు."

కోడలు వెళ్లి కూర్చుంది. ఎవరిదో భుజం స్కాన్ తెరిచింది. అది పూర్తికాకముందే స్కేలు మేడం టేబులు మీద ఫోను మోగింది. మేడం రెండు మాటలు విని స్పీకరు నొక్కింది. కోడల్ని వేలితో పిలిచింది.

"మళ్లీ చెప్పండి డాక్టర్. వినాల్సిన మనిషి ఇక్కడుంది."

స్కాన్ డాక్టరు గొంతు వినబడింది.

"మీ ఆఫీసు నుంచి ఇందాక ఒకావిడ ఫోన్ చేసింది. కోడింగ్ నుంచి అంది. ఫైలు నంబరు చెప్పింది. 'కావచ్చు అన్న మాట తీసేసి చీముగడ్డ అని పెట్టండి సార్, మీరు రాస్తేనే మాకు పాసవుతుంది' అంది. కుదరదన్నాను. మీ పైవాళ్లకి ఫోన్ చేస్తా, పేషెంటుకి ఏమన్నా అయితే మీ పేరే బయటికొస్తుంది అంది. అంతా అయ్యాక మీ రాత ప్రశ్న వచ్చింది. రెండూ కలిపి చదువుకోమంటారా?"

"మా దగ్గర్నుంచి ఎవరూ డాక్టర్లకి ఫోన్ చెయ్యరు."

"అనుమానాన్ని కోడ్ చెయ్యరన్న రూలు కూడా చెప్పింది. బయటివాళ్లకి ఎలా తెలుస్తుంది?"

స్కేలు మేడం కోడలివైపు చూసింది.

"ఎవరు?"

"మా ఆడపడుచు అయ్యుంటుంది మేడం."

"అయ్యుంటుందా? ఖాయమా?"

"ఖాయం."

"రూలు ఎవరు చెప్పారు ఆవిడకి?"

"నేనే."

ఫోన్లో వెనక ఏదో యంత్రం చప్పుడు వినబడింది.

"నేను బొమ్మలు మళ్లీ చూశాను," అన్నాడు స్కాన్ డాక్టరు. "ఏం కనబడిందో నాకు తెలుసు. రాద్దామనే కూర్చున్నాను. కానీ ఇప్పుడు నేను ఏం రాసినా ఆవిడ రాయించినట్టే ఉంటుంది. రేపు ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. రాయను. ఫిర్యాదు మాత్రం రాస్తాను."

"డాక్టర్ గారూ," అంది కోడలు, "వేరే డాక్టరు చూస్తే..."

"నువ్వు మాట్లాడకు," అంది స్కేలు మేడం.

లైను తెగింది.

చుట్టుపక్కల సీట్లలో టైపింగు ఆగింది. స్కేలు మేడం తలెత్తాక మళ్లీ మొదలైంది.

"లాగౌట్ అయ్యి బ్యాడ్జి ఇక్కడ పెట్టు. విచారణ అయ్యేదాకా రావద్దు."

కోడలు బ్యాడ్జి తీసి పెట్టింది.

"బొమ్మలు ఇంకో స్కాన్ డాక్టరుకి పంపొచ్చు మేడం. ఫోను సంగతి తెలియనివాళ్లకి. రూల్లో ఉంది."

"రూలు నాకే చెబుతున్నావా?"

"మీరు నేర్పిందే."

"ఇంట్లో కూడా బాగా నేర్పావు."

"పంపుతారా?"

"ఆ ప్రశ్న అడగడానికి నువ్వు ఈ ఫైలుకి కోడర్‌వి కాదు. బంధువువి. బంధువులకి జవాబు చెప్పను."

"ఆవిడ దర్జీ మేడం. ఎడమకాలితో మిషను తొక్కుతుంది."

స్కేలు మేడం స్కేలు తీసి ఇంకో రిపోర్టు మీద పెట్టింది.

"తలుపు దగ్గర నీ ఫోను తీసుకో."

అరలో ఫోను మోగుతోంది. భర్త. ఎత్తేలోపు ఆగిపోయింది. అంతకుముందు కూడా అతను చాలాసార్లు చేశాడు.

*

ఆస్పత్రి మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద అత్తగారు పడుకుని ఉంది. ఎడమకాలు రెండు దిళ్ల మీద ఉంది. రాత్రి సర్జన్ పిక్క మీద ఎరుపు ఎంతవరకు ఉందో చూసి, అంచు వెంబడి నల్ల పెన్నుతో గీత గీశాడు. ఇప్పుడు ఎరుపు గీత దాటి రెండు వేళ్ల మేర పైకి వచ్చింది.

మెకానిక్ మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఆడపడుచు కుర్చీలో ఉంది. కోడలు వచ్చి కుర్చీ ముందు ఆగింది.

"డాక్టరుకి ఫోన్ చేశారా?"

"చేశా."

"మా ఆఫీసని చెప్పారా?"

"మరేం చెప్పను? పక్కింటిదాన్నని చెబితే ఎత్తుతాడా? రోజూ ఇలాంటివాళ్లతోనే నా బతుకు. మెత్తగా అడిగితే రేపు రమ్మంటారు. గట్టిగా అడిగితే కక్కుతారు."

"నా బ్యాడ్జి తీసేసుకున్నారు."

"ఉద్యోగం ఇది కాకపోతే ఇంకోటి. కాలు ఇంకోటి తెస్తావా?"

"ఆయన రాద్దామనే కూర్చున్నాడట వదినా."

ఆడపడుచు చేతిలో నీళ్ల సీసా ఉంది. మూత తిప్పుతున్న చెయ్యి ఆగింది.

"ఏమిటి?"

"బొమ్మలు మళ్లీ చూశాడు. రాయడానికి కూర్చున్నాడు. మీ ఫోను వల్ల మానేశాడు."

"అబద్ధం."

"స్పీకర్లో నేను విన్నాను."

"నీ తప్పు నా నెత్తిన రుద్దకు."

"రుద్దడంలేదు. నా తప్పు నాకుంది. ఆదివారం తెలిసింది మేడంకి సోమవారమే చెబితే ఇవన్నీ ఉండేవి కావు. ఉద్యోగం పోతుందని చెప్పలేదు. ఇవాళ అదీ పోయింది."

మెకానిక్ భార్యవైపు తిరిగాడు.

"అంటే నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని మాకు రూల్సు చెప్పావు. చెప్పాల్సినచోట చెప్పలేదు."

"అవును."

"ఇద్దరూ కలిసి అమ్మని..."

"ఒరేయ్," అంది అత్తగారు.

ముగ్గురూ మంచంవైపు తిరిగారు.

"ఒక్కొక్కరే మాట్లాడండి. పక్క మంచం ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది. కష్టంగా ఉంది ఆవిడకి, అన్నీ వినబడట్లేదు."

పక్క మంచం ఆవిడ అటు తిరిగి పడుకుంది.

సర్జన్ నర్సుతో వచ్చాడు. దుప్పటి తీసి కాలు చూశాడు. గీత పక్కన వేలు పెట్టాడు. అత్తగారు పళ్లు బిగించింది.

"రాత్రి ఇక్కడ గీశాను. ఇప్పుడు ఇక్కడుంది. స్కాన్ కోసం సాయంత్రందాకా ఆగుదామనుకున్నాను. ఇక ఆగను. అత్యవసరం కింద చేస్తాను. దానికి ముందు అనుమతి అక్కర్లేదు."

"స్కాన్ లేకుండానా?" అన్నాడు మెకానిక్.

"స్కాన్ ఉంటే చీము ఎక్కడుందో చూసుకుని అక్కడే చిన్నగా కోసేవాణ్ణి. పాత స్కాన్‌కీ ఇప్పటికీ కాలు మారిపోయింది. దాన్ని నమ్ముకోలేను. పిక్క పొడుగునా తెరిచి వెతకాలి. కండరం ఎంత తీయాల్సి వస్తుందో తెరిచాకే తెలుస్తుంది."

"నేను మిషను తొక్కగలనా?" అని అడిగింది అత్తగారు.

"స్కాన్ ఉంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పలేను."

"ఒక్క గంట ఆగండి సార్," అంది కోడలు. "బొమ్మలు ఇంకో డాక్టరు చూస్తే అనుమతి వస్తుంది."

"చూస్తున్నారా?"

"తెలియదు."

"పంపారా?"

"తెలియదు సార్."

సర్జన్ ఆమె వంక చూసి, నర్సుతో కాగితాలు తెమ్మన్నాడు. నర్సు వెళ్లింది.

అత్తగారు కోడల్ని దగ్గరికి రమ్మని సైగ చేసింది. కోడలు మంచం పక్కకి వెళ్లింది.

"ఇన్నాళ్లూ ఈ కాలికి కట్టు మార్చింది నువ్వు. నా టేపుతోనే రోజూ పిక్క కొలిచింది నువ్వు. లోపల ఏముందో నీకు తెలియదూ?"

"తెలుసు అత్తయ్యా."

"తెలిసి వాపని రాశావు."

"అది మీ కాలని తెలియదు."

"సరే, ఎవరిదో అనుకున్నావు. ఆ ఎవరిదో కాల్లో ఏముందో ఆ కాగితం చదివితే నీకు అర్థం కాలేదూ?"

"అర్థమైంది."

"మరి?"

"నాకు అర్థమైంది రాయకూడదు. డాక్టరు ఖాయంగా రాసిందే రాయాలి."

"బాగుంది మీ పని. నేనూ కొలత చూడకుండా ఎవరి బట్టా కత్తిరించలేదులే. కానీ కొలత తక్కువ పడిందని తెలిస్తే మనిషిని మళ్లీ పిలిచి కొలుస్తాను. నాలుగు రోజులు సొరుగులో పెట్టుకోను."

అత్తగారు కూతురివైపు తిరిగింది.

"నువ్వు, వద్దన్నా కత్తెర తీసుకుని మీదపడే రకం."

"అమ్మా, నీ కోసమే..."

"తెలుసు. అందుకే ఇంకా పక్కన కూర్చోనిచ్చా."

నర్సు కాగితాలు తెచ్చింది. ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు పేషెంటు సంతకం, కింద సాక్షి సంతకం కావాలి. మెకానిక్ పెన్ను అందుకున్నాడు. అత్తగారు అతని చేతిలోంచి తీసుకుంది.

"చదివి వినిపిస్తా అమ్మా," అన్నాడు.

"వద్దు. విన్నాను. కోస్తే తెలుస్తుందన్నాడు. కోయకపోతే అదీ తెలియదు."

సంతకం చేసింది. పెన్ను కొడుక్కివ్వలేదు. కోడలివైపు చాపింది.

"సాక్షి సంతకం ఈ అమ్మాయి పెడుతుంది."

"అదెందుకు?" అంది ఆడపడుచు. "నేనున్నాను, తమ్ముడున్నాడు."

"ఖాయంగా ఉన్నదే రాస్తుందటగా. పెట్టనీ. నేను ఒప్పుకున్నానన్నది ఖాయమే."

కోడలు పెన్ను తీసుకుంది. సాక్షి అన్న చోట పేరు రాసి, కింద సంతకం చేసింది. 'పేషెంటుకి ఏమవుతారు' అన్న గడి ఖాళీగా ఉంది. నర్సు వేలితో చూపించింది. కోడలు 'కోడలు' అని రాసింది.

స్ట్రెచర్ వచ్చింది. ఇద్దరు మనుషులు అత్తగారిని దాని మీదకి మార్చారు. కాలు ఎత్తినప్పుడు ఆమె కేకపెట్టింది. అంతకుముందు ఆమె కేకపెట్టడం పిల్లలిద్దరూ వినలేదు.

లిఫ్టు తలుపులు మూసుకుంటుంటే మెకానిక్ అలవాటుగా తాళ్ల చప్పుడు విన్నాడు. తర్వాత మెట్ల మీదుగా పైకి నడిచాడు. ఆడపడుచు వెనక వెళ్లింది. కోడలు చివర వెళ్లింది. ఆపరేషన్ థియేటర్ బయట ఒకే బెంచీ ఉంది. ఆడపడుచు బెంచీకి ఈ చివర కూర్చుంది, కోడలు ఆ చివర కూర్చుంది. మెకానిక్ కూర్చోలేదు.

ఆడపడుచు ఫోను రెండుసార్లు మోగింది. ఆమె ఎత్తలేదు.

"నిజంగా కూర్చున్నానన్నాడా?" అని అడిగింది, ఎదురుగోడ చూస్తూ. "రాయడానికి?"

"అన్నాడు."

ఒంటిగంటా పదికి మెకానిక్ ఫోనుకి సందేశం వచ్చింది. అతను చదివి, ఫోను భార్య చేతికిచ్చాడు. మొదటి స్కాన్‌ని మరో డాక్టరు చూసి ఇచ్చిన రిపోర్టు, దాని ప్రకారం సవరించిన కోడ్ అందాయని, రెండో స్కాన్‌కి అనుమతి మంజూరు చేశామని అందులో ఉంది.

మెకానిక్ థియేటర్ తలుపు కొట్టాడు. నర్సు సగం తెరిచింది. అతను ఫోను చూపించాడు.

కోత ఒంటిగంటకి మొదలైందని నర్సు చెప్పింది.